గ్రేట్ అమెరికా నుంచి డేవిస్ దాకా

శాంతా క్లారాలో గ్రేట్ అమెరికా అని ఒక రైల్వే స్టేషన్ ఉంది. పేరు విని పెద్ద జంక్షన్ అనుకునేరు, అక్కడ దిగితే టీ చుక్క కూడా దొరకదు. పక్కనున్న వినోదాల పార్కు పేరు దానికి తగిలించారు, అంతే. శాన్ హోసేలో బయల్దేరి శాక్రమెంటో వైపు వెళ్ళే క్యాపిటల్ కారిడార్ బండి అక్కడ ఆగుతుంది. మే నెలలో ఒక పొద్దున మా పెద్దాడూ నేనూ ఆ బండెక్కాం. డేవిస్‌లో యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా వాడికి సీటిచ్చింది. చేరుతామో లేదో జూన్ 1 లోగా చెప్పాలి. చెప్పేముందు ఊరు ఒకసారి కళ్ళారా చూసి రావాలని వాడికంటే నాకే ఎక్కువ తహతహ.

కారులో అయితే రెండు గంటలంటారు. 80వ నంబరు హైవే మీద వాహనాలు కదలని పూట ఎన్ని గంటలో ఆ దేవుడికే తెలియాలి. పైగా వాడికి ఫిజిక్స్ ఫైనల్ దగ్గర పడింది, బండిలో అయితే చదువుకోవచ్చన్నాడు. చదవక తప్పదు కూడా. కమ్యూనిటీ కాలేజీ నుంచి వచ్చేవాళ్ళకి ఏప్రిల్‌లో ఇచ్చే సీటు అప్పుడే ఖాయమైపోదు. ఆ సెమిస్టర్ సరిగ్గా పూర్తిచేసి, జులై 1 నాటికి చివరి ట్రాన్‌స్క్రిప్టు పంపితేనే ఖాయం. ఇప్పుడు ఫిజిక్స్ తన్నేస్తే సీటు కూడా చేజారవచ్చు. ఈ షరతు వాళ్ళు పంపిన ఉత్తరంలో ఎక్కడో కింద ఉంది. మా వారు దాన్ని ప్రింటు తీసి, ఆ వాక్యం కింద ఎర్ర పెన్నుతో గీత గీసి ఫ్రిజ్‌కి అంటించారు.

బండి కదిలిన కాసేపటికే ఆల్విసో దాటి బురదనేలల్లోకి వెళ్ళింది. రెండు పక్కలా పాత ఉప్పు కొటార్లు, తెల్ల కొంగలు. మధ్యలో డ్రాబ్రిడ్జ్ అని ఒకప్పటి ఊరు. బాతుల వేటకి వచ్చేవాళ్ళు కట్టుకున్న కొయ్య ఇళ్ళు ఇప్పుడు మనుషులు లేక, బురదలో కుంగిపోతూ, కిటికీలోంచి వరసగా కనిపిస్తాయి. మా వాడు తలెత్తి చూసి, "భూగర్భంలో నీళ్ళు తోడేస్తే నేల కుంగుతుందమ్మా, ఈ వైపంతా అలాగే దిగింది" అని మళ్ళీ పుస్తకంలో పడ్డాడు. ఇలా మాట్లాడే పిల్లవాడు కాడు వీడు. ఎలా అయ్యాడో చెప్పాలంటే మొదటి సెమిస్టర్ నుంచి మొదలుపెట్టాలి.

హైస్కూలు అయ్యాక ఇంటికి దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో చేరాడు. చేరడానికి ర్యాంకు అక్కర్లేదు, ఎవరొచ్చినా చేర్చుకుంటారు. అందరిలాగే కంప్యూటర్ సైన్సు అనుకున్నాడు. మొదటి సెమిస్టర్లో మూడు సబ్జెక్టులు. కాల్కులస్ 5 యూనిట్లు, ఎఫ్. కెమిస్ట్రీ 5 యూనిట్లు, డి. ఇంగ్లీషు 4 యూనిట్లు, సి. ఎఫ్‌కి సున్నా, డి‌కి ఒకటి, సి‌కి రెండు వేసి యూనిట్లతో గుణించి సగటు (జీపీఏ) తీస్తే 0.93. నాలుగుకి. సాయంత్రాలు బోబా కొట్లో పని, రాత్రుళ్ళు స్నేహితులతో ఆటలు, పొద్దున ఎనిమిదింటికి కాల్కులస్. ఇక అంతకంటే విడమరచి చెప్పేదేం లేదు.

ప్రొబేషన్‌లో పెట్టామని కాలేజీ పంపిన మెయిల్ వాడే చూపించాడు, సంక్రాంతి అయ్యాక. పండగ పాడుచేయడమెందుకని దాచాడట. మా వారు వెంటనే కాలేజీకి ఫోన్ చేశారు. అవతలి అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది గానీ, "మీ అబ్బాయి అనుమతి రాసివ్వకుండా ఆయన మార్కుల గురించి మీకేమీ చెప్పలేం" అంది. 1974లో చేసిన చట్టం అట. కాలేజీలో అడుగుపెట్టిన పిల్లల రికార్డు పిల్లలదే, తల్లిదండ్రులది కాదు. "యూనిట్‌కి 46 డాలర్ల చొప్పున 644 డాలర్లు కట్టింది ఎవరండీ?" అని ఈయన. "కట్టినందుకు రసీదు కావాలంటే ఇస్తామండీ" అని ఆవిడ. ఆ రసీదు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.

ఫ్రీమాంట్‌లో బండి ఆగినప్పుడు మా తెలుగువాళ్ళు నలుగురైదుగురు ఎక్కారు. మా చుట్టాల్లో సగం మంది ఈ ఊళ్ళోనే ఉంటారు. ఉగాదికో, ఎవరి గృహప్రవేశానికో ఇక్కడికొస్తే, చెప్పులు విప్పకముందే అడిగే మాట "ఏ కాలేజీ?" అని. కమ్యూనిటీ కాలేజీ అనగానే ఎదుటివాళ్ళ ముఖంలో ఒక రకమైన జాలి, దాని వెనకే వాళ్ళ పిల్లల కాలేజీ పేరు. మా వదిన ఒకావిడైతే, "పోనీ వాణ్ణి ఇండియా పంపించెయ్యకూడదూ? విజయవాడలోనో గుంటూరులోనో మేనేజ్‌మెంట్ సీటు కొనేస్తే నాలుగేళ్ళలో ఇంజినీరై వస్తాడు" అంది. మంచి మనసుతోనే అంది. ఆవిడ లెక్కలో చదువంటే ఒకసారి తేలిపోయే వ్యవహారం. మనకి ఇంటర్ మార్కులు, ఎంసెట్ ర్యాంకు, ఆ తర్వాత జీవితమంతా దాని వడ్డీ.

అయినా పక్కదారి మనకి మాత్రం లేదా? మా తమ్ముడు పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి, ఈసెట్ రాసి, బీటెక్ రెండో సంవత్సరంలో చేరాడు. ఇంటర్ చదివొచ్చినవాళ్ళ పక్కన కూర్చుని చదివి, ఇవాళ వాళ్ళకంటే పెద్ద ఉద్యోగంలోనే ఉన్నాడు. తేడా ఏమిటంటే, అక్కడ ఆ దారికి కూడా ఒక పూట పరీక్ష గేటు. ఇక్కడ అలాంటి పూట ఒకటి లేదు. సెమిస్టర్ వెనక సెమిస్టర్ సగటు పెరగాలి. నీరసం వచ్చేంత నెమ్మది.

ఓక్లాండ్‌లో జాక్ లండన్ స్క్వేర్ దగ్గర బండి అచ్చం ట్రామ్ లాగా వీధి మధ్యలోంచి పోతుంది. పక్కన కార్లు, కాఫీ కప్పు పట్టుకుని రోడ్డు దాటబోయి ఆగిన మనుషులు. ఇంజను అదేపనిగా కూత వేస్తుంటే మా వాడు చెవుల్లో పెట్టుకున్నవి తీసి విసుక్కున్నాడు. కాసేపటికి బర్క్లీ. మా వాడికి సీటిచ్చిన యూనివర్సిటీకి ఇక్కడా ఒక క్యాంపస్ ఉంది. 1960లో ఈ రాష్ట్రంలో ఉన్నత విద్యకి మాస్టర్ ప్లాన్ గీసినప్పుడు ఆ యూనివర్సిటీ వ్యవస్థకంతటికీ అధ్యక్షుడు క్లార్క్ కెర్. హైస్కూలు పిల్లల్లో పైనున్న ఎనిమిదో వంతు యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకి, మూడో వంతు దాకా స్టేట్ యూనివర్సిటీకి, మిగిలిన అందరికీ కమ్యూనిటీ కాలేజీ. వినడానికి వర్ణవ్యవస్థ లాగే ఉంటుంది. కానీ కింది మెట్టులో చేరినవాడు రెండేళ్ళ తర్వాత పై మెట్టులో మూడో సంవత్సరానికి రావచ్చని ఆ ప్లాన్‌లోనే రాసి పెట్టారు. ఇప్పుడు రాష్ట్రంలో 116 కమ్యూనిటీ కాలేజీలున్నాయి.

రావచ్చని రాయడం వేరు, రావడం వేరు. ఆ మధ్యదూరంలో ఉన్నదంతా కాగితాల పని, అది నాకు మా వాడి కౌన్సెలర్ దగ్గర తెలిసింది. ఈసారి అనుమతి కాగితం మీద వాడే సంతకం పెట్టి నన్ను తీసుకెళ్ళాడు. ఆవిడ నడివయసు మనిషి, బల్ల మీద టిష్యూ డబ్బా పెట్టుకుని కూర్చుంది. అది నాలాంటివాళ్ళ కోసమేననుకుంటా. నేను ఏడవలేదు. ఆవిడ ట్రాన్‌స్క్రిప్టు చూసి, "కాల్కులస్‌లో ఎఫ్ వచ్చింది, బాగుంది" అంది. నా చెవులు నేనే నమ్మలేదు. ఎందుకు బాగుందో తర్వాత చెప్పింది. సి కంటే తక్కువ వచ్చిన సబ్జెక్టునే మళ్ళీ చదవనిస్తారు. మళ్ళీ చదివి మంచి గ్రేడు తెచ్చుకుంటే, యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) వాళ్ళు కొత్త గ్రేడునే సగటులోకి తీసుకుంటారు. సి వచ్చిందా, అది అలాగే ఉండిపోతుంది. అంటే మా వాడు కాస్తో కూస్తో చదివిన ఇంగ్లీషు జన్మంతా సి, అసలు చదవని కాల్కులస్ బి కూడా కావచ్చు! ఈ న్యాయం నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు.

ఆవిడ కాగితం మీద వేసి చూపించింది. కాల్కులస్, కెమిస్ట్రీ రెండూ బి చేసుకుంటే అవే 14 యూనిట్ల సగటు 0.93 నుంచి 2.71 అవుతుంది. పాత ఎఫ్ మాత్రం ట్రాన్‌స్క్రిప్టు మీద నుంచి ఎక్కడికీ పోదు. దరఖాస్తులో ప్రతి కాలేజీ, ప్రతి గ్రేడు, ఫెయిలైనవి కూడా రాయాలి. దాచినట్టు బయటపడితే ఇచ్చిన సీటు తీసేస్తారు. ఒక సబ్జెక్టుకి మొత్తం మూడే అవకాశాలు, మధ్యలో మానేసి డబ్ల్యూ తీసుకుంటే అదీ ఒకటి కిందే లెక్క. మా వాడు ముఖం వేలాడేసుకుని వింటున్నాడు. నేను మాత్రం నోట్సు రాసుకుంటున్నాను. చిట్‌ఫండ్ ఆఫీసులో పద్దులు రాసిన చెయ్యి నాది, ఇలాంటి లెక్కలు నాకు తొందరగా ఎక్కుతాయి.

అసిస్ట్ అని ఒక సైటుంది. ఏ కాలేజీలో ఏ కోర్సు చదివితే ఏ యూనివర్సిటీలో ఏ కోర్సుకి సరిపోతుందో అందులో చూపిస్తారు. మా ఇంట్లో ఆ రెండేళ్ళూ సీరియళ్ళకంటే అదే ఎక్కువ చూశాం. తర్వాత ట్యాగ్. డేవిస్, అర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, శాంతా బార్బరా, శాంతా క్రూజ్, ఈ ఆరు క్యాంపస్‌లు ఫలానా సగటు, ఫలానా కోర్సులు ఉంటే సీటు ఖాయమని ముందే మాటిస్తాయి. బర్క్లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియాగో ఇవ్వవు. ఆరింటిలోనూ ఒక్కదానికే పెట్టుకోవాలి, అదీ సెప్టెంబరు నెలలోనే. అసలు దరఖాస్తు మళ్ళీ వేరు, నవంబరు చివరికల్లా. యూసీలో చేరడానికి కాలిఫోర్నియా పిల్లలకి కనీసం 2.4 సగటు చాలంటారు గానీ డేవిస్ వాళ్ళ ట్యాగ్‌కి 3.2 ఉండాలి. ఆ 3.2ని మా వాడు ఒక పోస్ట్ఇట్ మీద రాసి అద్దానికి అంటించుకున్నాడు. ఫ్రిజ్ మీద తండ్రి, అద్దం మీద కొడుకు. ఎవరి పోలికలు ఎక్కడికి పోతాయి!

సీటు రావడం నిజంగా ఆ 3.2 వల్లేనా అంటే, అసలు మలుపు అది కాదనిపిస్తుంది నాకు. సైన్సు కోటా నింపడానికి సాయంత్రం పూట జియాలజీ క్లాసొకటి తీసుకున్నాడు. వేరే క్లాసుల్లో సీట్లు లేక తీసుకున్నది. 2017 ఫిబ్రవరిలో ఓరోవిల్ ఆనకట్ట స్పిల్‌వే కోతపడి, దిగువనున్న లక్షా ఎనభై ఎనిమిది వేలమందిని ఇళ్ళు ఖాళీ చేయించిన సంగతి ఆ మాస్టారు చెప్పాడట. ఆ రాత్రి ఇంటికొచ్చి, "తాతయ్య కాలువ మీద పనిచేసేవాడు కదా, నీళ్ళు ఎక్కువైతే ఏం చేసేవాడు?" అని అడిగాడు. మా నాన్న ఉయ్యూరు దగ్గర ఇరిగేషన్‌లో లష్కరు. షట్టరు చక్రం తిప్పి చేలకి నీళ్ళు వదలడం, గట్టు గండిపడకుండా రాత్రుళ్ళు టార్చిలైటుతో తిరగడం ఆయన ఉద్యోగం. వాడు వాట్సాప్‌లో తాతకి వీడియో కాల్ చేశాడు. వీడి తెలుగు ఆయనకి, ఆయన మాటల్లో సగం వీడికి అర్థం కాలేదు, మధ్యలో నేను కూర్చున్నాను. గంట దాటినా ఇద్దరూ వదల్లేదు. తర్వాతి సెమిస్టర్లో మేజర్ పేరు మార్చాడు. హైడ్రాలజీ. దానికీ కాల్కులస్, కెమిస్ట్రీ కావాలి. ఈసారి రెండూ బి.

రిచ్‌మండ్ దాటాక పట్టాలు నీళ్ళ అంచునే పోతాయి. ఎడమ చేతి వైపు కూర్చోండి ఎప్పుడైనా వెళ్తే. శాన్ పాబ్లో బే, చేపలు పట్టేవాళ్ళు, ఆ తర్వాత క్రాకెట్ ఊళ్ళో సముద్రపు పాయ ఒడ్డునే ఎర్ర ఇటుకల చక్కెర ఫ్యాక్టరీ. మా ఉయ్యూరులోనూ చక్కెర ఫ్యాక్టరీ ఉంది, సీజన్లో ఊరంతా మొలాసిస్ వాసనే. ఇక్కడ కిటికీలు బిగించి ఉన్నాయి, వాసన తెలియలేదు.

మార్టినెజ్ దగ్గర బండి పాత ఇనప వంతెన ఎక్కింది. 1930లో కట్టిందట. రెండు పక్కలా హైవే వంతెనలు, కింద వెడల్పుగా మట్టిరంగు నీళ్ళు. అప్పుడు మూసాడు మా వాడు ఫిజిక్స్ పుస్తకం. "శాక్రమెంటో, శాన్ వాకీన్, రెండు నదుల నీళ్ళూ ఇక్కణ్ణుంచే సముద్రానికి పోవాలమ్మా. పోటు వస్తే ఉప్పునీరు ఇటే పైకి ఎక్కుతుంది. గోల్డెన్ గేట్ నుంచి ఎంత దూరంలో అడుగునీటి ఉప్పు వెయ్యికి రెండు పాళ్ళు అవుతుందో కొలుస్తారు. దాన్ని ఎక్స్-టూ అంటారు. ఆ గీత లోపలికి వచ్చేస్తే పైన ఆనకట్టల్లోంచి మంచినీళ్ళు ఎక్కువ వదలాలి, లేకపోతే దక్షిణానికి తోడే పంపులు తగ్గించాలి" అన్నాడు.

దివిసీమలో మాకు చుట్టాలున్నారు. అక్కడ కాలువలో నీళ్ళు తక్కువైన ఏడు, పోటుకి ఉప్పునీరు మురుగు కాలువల్లోంచి ఎగదన్నుకొచ్చి చేలు చౌడైపోతాయి. గీత ఎక్కడుందో వాళ్ళకి ఎవరూ కొలిచి చెప్పరు, వరి ఆకు కొసలు మాడితే తెలుస్తుంది. ఆ మాట చెప్తే వాడు ఫోన్‌లో రాసుకున్నాడు. "నాగాయలంక స్పెల్లింగేంటి?" అని అడిగాడు.

డేవిస్ స్టేషన్ 1913 నాటిది, పెంకులు కప్పిన చిన్న భవనం. దిగి నడిచి వెళ్ళేంత దూరంలోనే క్యాంపస్. ఈ ఊళ్ళో సైకిల్‌కి తప్పుకోవడం రాకపోతే బతకలేం. సైకిళ్ళకని రోడ్డు మీద గీత గీసి దారి ఇవ్వడం అమెరికాలో ఇక్కడే మొదలైందట, 1967లో. లండన్‌లో తిరిగే రకం ఎర్ర డబుల్ డెక్కర్ బస్సొకటి ఎదురొచ్చింది, స్టీరింగ్ దగ్గర ఇరవై ఏళ్ళు కూడా నిండినట్టు లేని ఆడపిల్ల. ఆ బస్సులన్నీ విద్యార్థులే నడుపుతారు. క్యాంపస్‌లో ఒక మలుపు తిరగ్గానే పేడ వాసన. నేను ఆగిపోయాను. ఈ యూనివర్సిటీ మొదట వ్యవసాయ క్షేత్రం. 1905లో చట్టం చేసి, బర్క్లీ పిల్లలకి సేద్యం నేర్పడానికి పెట్టారు. 1959 దాకా పూర్తిస్థాయి యూనివర్సిటీ కూడా కాదు. ఆవులు ఇంకా ఉన్నాయి, హాస్టళ్ళ పక్కనే. మా వాడికి ముక్కు మూసుకోవాలనిపించింది, నాకు ఇక్కడే ఉండిపోవాలనిపించింది.

లైబ్రరీ ముందు పుస్తకంలో ముఖం పెట్టి బోర్లాపడిన పెద్ద గుడ్డు తలకాయ బొమ్మ ఉంది. రాబర్ట్ ఆర్నెసన్ అనే శిల్పి చేసినది. పరీక్షల ముందు దాన్ని ముట్టుకుంటే మంచిదని పిల్లల నమ్మకం. వాడు వద్దంటున్నా నేను తాకి కళ్ళకద్దుకున్నాను. ఫిజిక్స్ ఇంకా ఉందిగా.

ట్రాన్స్‌ఫర్ పిల్లలతో మాట్లాడే సలహాదారు గదిలో నేను బయటే ఉంటానంటే, వాడే "రా అమ్మా" అన్నాడు. ఆవిడ వాడి కోర్సులన్నీ తెర మీద పెట్టింది. 60 సెమిస్టర్ యూనిట్లు ఇక్కడ 90 క్వార్టర్ యూనిట్లవుతాయి. ఇక్కడ సెమిస్టర్ లేదు, పది వారాల క్వార్టర్. "మూడో వారానికే మిడ్‌టర్మ్ వచ్చేస్తుంది. మొదటిసారి 12 యూనిట్లు దాటకు. బాగా చదివి వచ్చినవాళ్ళే మొదటి క్వార్టర్లో జారుతుంటారు" అంది. తర్వాత, ఏదో చిన్న విషయం చెప్పినట్టు, "నీ జీపీఏ ఇక్కడ కొత్తగా మొదలవుతుంది" అంది. యూనిట్లు వస్తాయి, గ్రేడ్లు రావు.

"అంటే ఎఫ్ పోయినట్టేనా?" అని నేను.

"ఇక్కడి సగటులో లేదు."

మా వాడి ముఖం వెలగలేదు. "నాకు మల్టీవేరియబుల్ కాల్కులస్‌లో ఏ వచ్చింది" అన్నాడు.

"అదీ లేదు."

"జియాలజీ?"

"ఏదీ లేదు. రేపు పై చదువులకి వెళ్తే అన్ని కాలేజీల ట్రాన్‌స్క్రిప్టులూ అడుగుతారు, అప్పుడు అన్నీ కనిపిస్తాయి."

బయటికొచ్చాక వాడికి కోపం వచ్చింది. ఎఫ్ పోయినందుకు సంతోషించమంటే, "ఎఫ్‌ని నేను ఎప్పుడో తీసేశాను, ఇప్పుడు పోయినవి నా ఏ గ్రేడ్లే" అన్నాడు. కోపం న్యాయమైనదే. 0.93 దగ్గర్నుంచి అక్కడిదాకా లాక్కొచ్చింది వాడు. మేం చేసిందల్లా ఫ్రిజ్‌కి కాగితం అంటించడం. బురిటో తిన్నాక కొంత చల్లబడి, ఆకు కొసలు మాడే చేలకి ఉప్పు కొలత యంత్రం ఖరీదెంతో ఫోన్‌లో వెతకడం మొదలుపెట్టాడు.

తిరుగు బండి సాయంత్రం. వంతెన దాటుతుండగా మా వారి ఫోన్. ఆయనకి ఊరు, ఆవులు, బస్సులు ఏవీ అక్కర్లేదు.

"ఇంతకీ జీపీఏ ఎంతని వేసుకున్నారు వాళ్ళు?"

"ఇప్పటికి అసలు లేదండీ."

"లేకపోవడమేంటి? ఇన్నాళ్ళు చదివింది?"

నేను ఫోన్ మా వాడికిచ్చాను. వాడు మొదట్నుంచి మొదలుపెట్టాడు, క్వార్టరంటే ఏమిటో, యూనిట్లు ఒకటిన్నర రెట్లు ఎందుకవుతాయో. రిచ్‌మండ్ వచ్చేదాకా వాళ్ళింకా తొంభై దగ్గరే ఉన్నారు.